మెట్రో రైలెక్కే ముందు

సంచికకు వ్యాసం రాయమని మన సంఘం మిత్రులు అడిగినప్పుడు, సైన్సు విద్యార్థిని గనుక ఏ ఉపగ్రహం గురించో, ఏ కొత్త మందు గురించో రాస్తాననుకుని వుంటారు. నేను మెట్రో రైలు ఎక్కడం గురించి రాస్తున్నాను. "అందులో రాయడానికేముందోయ్, ఎక్కడం, దిగడమేగా!" అని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. ఆ ఎక్కడం, దిగడం సరిగా తెలియకనే కిందటేడు ఒక పరీక్ష రాయకుండా ఇంటికి తిరిగొచ్చినవాణ్ణి నేను. ఆ అవస్థ ఇంకొకరు పడకూడదని ఈ నాలుగు మాటలు.

మాది పల్నాడు జిల్లా ఈపూరు. మిరప, పత్తి వేసుకు బతికే ఇల్లు. రైలు చూడాలంటే శావల్యాపురమో వినుకొండో పోవాలి. హైదరాబాదు పోవాలంటే మాత్రం మాకు బస్సే దిక్కు. నరసరావుపేటలో రాత్రి బస్సెక్కితే పిడుగురాళ్ళ, దాచేపల్లి మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా తెల్లవారేటప్పటికి ఎల్బీనగర్‌లో దించుతుంది. అక్కణ్ణించి మెట్రో మొదలవుతుంది. మన తిప్పలూ మొదలవుతాయి.

మన కాలేజీలో నావంటి వాళ్ళు తక్కువేమీ లేరు. రేపు డిగ్రీ పుచ్చుకున్నాక కోచింగుకని అమీర్‌పేటకో దిల్‌సుఖ్‌నగర్‌కో, ఉద్యోగానికని మాదాపూర్‌కో పోయేవాళ్ళమే ఎక్కువ. మన రాష్ట్రంలో విశాఖకు, విజయవాడకు మెట్రో ప్రతిపాదనలు వున్నాయి గాని రైలు ఇంకా రాలేదు. కాబట్టి మనం మొదటిసారి మెట్రో ఎక్కేది పరాయి వూళ్ళోనే. అదీ చేతిలో సూట్‌కేసో, పరీక్ష హాలు టిక్కెట్టో పట్టుకుని, గుండె దడదడలాడుతూ.

అసలు ఇదేం రైలు?

నగరం లోపల ప్రయాణానికి ప్రత్యేకంగా వేసిన రైలుదారి మొట్టమొదట లండనులో 1863 జనవరి 10న జనానికి తెరిచారు. భూమి లోపల సొరంగం, అందులో ఆవిరి ఇంజను! పొగకు ఎంత ఉక్కిరిబిక్కిరయ్యారో ఊహించుకోండి. మన దేశంలో మొదటిది కలకత్తా మెట్రో, 1984 అక్టోబరు 24న మొదలైంది. తరువాత ఢిల్లీ 2002లో, బెంగుళూరు 2011లో, చెన్నై 2015లో. హైదరాబాదు మెట్రోను 2017 నవంబరు 28న ప్రారంభించారు, మర్నాటి నుంచి ప్రజల్ని ఎక్కించుకున్నారు. మొదట నాగోల్ నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ దాకా 30 కిలోమీటర్లే నడిచింది. 2018లో ఎల్బీనగర్ వైపు, 2019లో హైటెక్ సిటీ, రాయదుర్గం వైపు పెరిగింది. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్‌స్టేషను నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషను దాకా మూడో దారి తెరిచారు. అన్నీ కలిపి సుమారు 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు. ఇది భూమి లోపల పోదు. రోడ్డు మధ్య స్తంభాలు లేపి, వాటి మీద వేసిన వంతెన పైన పోతుంది.

సైన్సు వాళ్ళకు రెండు ముక్కలు. మన శావల్యాపురం మీదుగా పోయే రైలు పట్టాల మధ్య ఎడం 1676 మిల్లీమీటర్లు. హైదరాబాదు మెట్రో పట్టాల ఎడం 1435 మిల్లీమీటర్లే. ఊరి మధ్య ఇరుకు మలుపుల్లో తిరగాలి గదా! కరెంటు మాత్రం పెద్ద రైలుకు లాగానే పైతీగ నుంచి 25 వేల వోల్టుల మీద తీసుకుంటుంది. మూడు పెట్టెల బండి. కిక్కిరిస్తే సుమారు వెయ్యిమంది పడతారు.

నా పరీక్ష ఎలా పోయింది

ఇక నా కథ. అప్పుడు నేను రెండో సంవత్సరం. వేసవి సెలవుల్లో రెండు నెలలు ఒక పరిశోధనాలయంలో పనిచేసే అవకాశానికి ఎంపిక పరీక్ష పెట్టారు. నెలనెలా కొంత డబ్బు కూడా ఇస్తారు. పరీక్షాకేంద్రం ఉప్పల్ దగ్గర. తొమ్మిదింటికి పరీక్ష, ఎనిమిదిన్నరకు గేటు మూస్తారు. హాలు టిక్కెట్టు మీద ఆ సంగతి లావు అక్షరాలతోనే వుంది.

దారిలో ఒక లారీ అడ్డం పడి బస్సు ఆలస్యమైంది. ఏడుంపావుకు ఎల్బీనగర్‌లో దిగాను. ఉప్పల్‌కు మెట్రో స్టేషను వుందని నాకు తెలుసు. ఇంకేం, ట్రాఫిక్కు లేదు, ఎర్రదీపాలు లేవు, గాల్లో పోవచ్చు అనుకున్నాను. ఆటోవాడు "ఉప్పలా తమ్మీ, రా" అని పిలిచినా, నాకంతా తెలుసన్నట్టు చెయ్యూపి మెట్లెక్కాను. సంచి తనిఖీ, టిక్కెట్టు వరుస అయ్యేసరికి ఏడున్నర. అమీర్‌పేట చేరేసరికి ఎనిమిది దాటింది. అక్కడ బండి మారాలి. ఒక దారి మీద ఇంకో దారి, మెట్లమీద మెట్లు, వరదలాగా జనం. ఎటు కొట్టుకుపోతే అటు పోయి, వచ్చిన బండి ఎక్కేశాను. రెండు స్టేషన్లు పోయాక యూసుఫ్‌గూడ అని వినిపించింది. నేను పోవలసింది తూర్పుకు, పోతున్నది పడమటికి. దిగి, అవతలి ప్లాటుఫారానికి పరుగెత్తి, మళ్ళీ అమీర్‌పేట మీదుగా ఉప్పల్ చేరి, ఆటో మాట్లాడుకుని కేంద్రం దగ్గర దిగేసరికి తొమ్మిదికి రెండు నిముషాలు. గేటు మూసి వుంది. కాపలా ఆయన జాలిగా చూశాడే గాని తీయలేదు. తీయకూడదు కూడా. నాలాగే వచ్చిన మరో ఇద్దరు గోడ పక్కన నిలబడి వున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ వేసవంతా కల్లంలో మిరపకాయలు ఎండబెట్టాను. ఎండలో కాయలు తిరగేస్తున్నప్పుడు ఆలోచించుకోవడానికి కావలసినంత తీరిక దొరుకుతుంది. అప్పుడొకరోజు ఇసుక మీద పుల్లతో గీసి లెక్క వేశాను. తప్పు బండి ఎక్కడంవల్లనే ఆలస్యమైందని అంతదాకా అందరికీ చెబుతూ వచ్చాను. లెక్క చూస్తే అదీ నిజం కాదు!

తోవ లెక్క

లెక్క ఇది. హైదరాబాదు మెట్రోలో స్టేషనుకు స్టేషనుకు మధ్య ఇంచుమించు ఒక కిలోమీటరు, కాస్త పైన. ఆగడంతో కలిపి స్టేషనుకు రెండు నిముషాలు వేసుకోండి. బండి మారే చోట మరో ఐదు నుంచి ఎనిమిది నిముషాలు. కింద రోడ్డు మీది నుంచి ప్లాటుఫారం చేరడానికి, తనిఖీకి, టిక్కెట్టుకు పది నిముషాలు. ఈ మూడూ కలిపితే మీ ప్రయాణకాలం.

ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట 16 స్టేషన్లు. అమీర్‌పేట నుంచి ఉప్పల్ 12. మొత్తం 28, అంటే 56 నిముషాలు. మారడానికి ఎనిమిది. ఏడున్నరకు బండెక్కినా, ఏ పొరపాటూ లేకపోయినా ఎనిమిదీ ముప్ఫై నాలుగుకు గాని ఉప్పల్‌లో దిగను. అప్పటికే గేటు మూసేశారు. యూసుఫ్‌గూడ పాపం ఏం చేసింది?

రెండో తోవ వుంది. మహాత్మాగాంధీ బస్‌స్టేషను దగ్గర దిగి, అక్కడ ఆకుపచ్చ దారి పట్టుకుని జూబ్లీ బస్‌స్టేషను దాకా పోయి, నడక వంతెన మీదుగా పరేడ్ గ్రౌండ్ స్టేషనుకు చేరి, నీలం దారిలో ఉప్పల్ పోవడం. ఏడు, ఎనిమిది, ఏడు, వెరసి 22 స్టేషన్లు. రెండుసార్లు మారాలి. ఎంత లేదన్నా ఎనిమిదింపావు దాటుతుంది. అదృష్టముంటే గేటు దగ్గర పడేవాణ్ణి.

మూడో తోవ ఆటోవాడు పిలిచిన తోవ. ఎల్బీనగర్‌కూ నాగోల్‌కూ మధ్య రోడ్డున సుమారు ఐదు కిలోమీటర్లు. నాగోల్ పక్కది ఉప్పల్. ఇరవై, ముప్ఫై నిముషాల పని! మెట్రో పటంలో మాత్రం ఎల్బీనగర్ ఒక కొస, నాగోల్ ఇంకో కొస. ఆ రెండు కొసల్నీ కలిపే పట్టాలు ఇంకా లేవు. నేను ఎదురింటికి పోవడానికి ఊరంతా చుట్టి వచ్చానన్నమాట.

ఇక్కడొక సంగతి గమనించాలి. మెట్రో పటం భూమి పటం కాదు. 1933లో లండనులో హారీ బెక్ అనే ఆయన గీసిన పటం అచ్చయింది. ఆయన విద్యుత్తు సర్క్యూట్ల బొమ్మలు గీసే ఉద్యోగి. సర్క్యూట్ బొమ్మలో తీగ ఎంత పొడవున్నదీ చూపము. ఏది దేనికి కలిసి వున్నదన్నదే చూపుతాము. రైలుదారినీ ఆయన అలాగే గీశాడు. నిలువు గీతలు, అడ్డగీతలు, ఐమూల గీతలు, అంతే. ఆ పద్ధతే ఇప్పుడు లోకమంతటా వాడుతున్నారు. అది చూసి ఏ బండెక్కి ఎక్కడ మారాలో తెలుసుకోవచ్చు. ఎంత దూరమో మాత్రం తెలుసుకోలేము. దూరం తెలియాలంటే ఊరి పటం పక్కన పెట్టుకోవాలి. రెండు పటాలూ చూసినవాడికే తోవ తెలుస్తుంది. నేను ఒకటే చూశాను.

కాబట్టి బయలుదేరే ముందురోజే కాగితం మీద ఈ నాలుగూ రాసుకోండి.

ఒకటి: ఎక్కే స్టేషను, దిగే స్టేషను, మారే స్టేషను. హైదరాబాదులో దారులు కలిసే చోట్లు మూడే. ఎరుపు, నీలం కలిసేది అమీర్‌పేటలో. ఎరుపు, ఆకుపచ్చ కలిసేది మహాత్మాగాంధీ బస్‌స్టేషనులో. నీలం, ఆకుపచ్చ కలిసేది పరేడ్ గ్రౌండ్ దగ్గర.

రెండు: బండి పోయే చివరి స్టేషను పేరు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ప్లాటుఫారం మీద బోర్డులో మీరు దిగే వూరు పేరు కాక, ఆ దారి చివరి పేరు వుంటుంది. ఎరుపు దారికి కొసలు మియాపూర్, ఎల్బీనగర్. నీలం దారికి నాగోల్, రాయదుర్గం. ఉప్పల్ పోయేవాడు "నాగోల్" అన్న బోర్డు కింద నిలబడాలి. మన వాళ్ళు బస్సు ముందు పలక చూసి ఎక్కినట్టే ఇదీను.

మూడు: స్టేషన్ల లెక్క, రెండేసి నిముషాల చొప్పున. రెండు తోవలుంటే రెండూ వేసి చూడండి. ఎల్బీనగర్ నుంచి సికింద్రాబాదు రైల్వే స్టేషనుకు అమీర్‌పేట మీదుగా పోతే 22 స్టేషన్లు. ఆకుపచ్చ దారిన సికింద్రాబాదు వెస్ట్‌లో దిగితే 14. కాకపోతే అక్కడ దిగి కొంత దూరం నడవాలి. సామాను లేనివాడికి రెండోది మేలు, పెట్టెలున్నవాడికి మొదటిదే మేలు.

నాలుగు: మెట్రో దిగాక ఏమిటి? స్టేషనుకు ఎన్నో దారులుంటాయి. తప్పు పక్కన దిగితే, వాహనాలు బారులు తీరిన రోడ్డు దాటడానికే పదినిముషాలు. ఏ గుర్తు వున్న దారిన దిగాలో ముందే అడగండి.

ఖర్చు సంగతి కూడా చూసుకోవాలి. 2025 మే నెలలో ఛార్జీలు మారాయి గనుక పాత లెక్కలు చెప్పేవాళ్ళను నమ్మకండి. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి, తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆయా రాష్ట్రాల స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. అది మెట్రోకు వర్తించదు. మా అమ్మ ఈ సంగతి నన్ను నాలుగుసార్లు అడిగింది.

నాన్నతో మియాపూర్ ప్రయాణం

దసరా తరువాత మా మేనత్త వాళ్ళు మియాపూర్‌లో కొత్త ఇంట్లో పాలు పొంగించారు. నాన్నను నేనే తీసుకుపోయాను. ఈసారి ముందే కాగితం మీద రాసుకున్నాను. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాకా ఒకే దారి, 26 స్టేషన్లు, మారే పని లేదు, యాభై రెండు నిముషాలు. నాన్న చేతిలో ఒక గోనెసంచి. అందులో గోంగూర, దోసకాయలు, మునక్కాయలు. మునక్కాయలు సంచిలో ఇమడక మూరెడు బయటికి వచ్చి వున్నాయి. సామానుకు కొలతా, బరువూ పరిమితి వుంది గనుక ముందే తూచి సగం ఇంట్లో దించేశాము. లేకపోతే ఆయన గుమ్మడికాయ కూడా తెచ్చేవాడు.

మర్యాదలు నేర్పుదామని తీసుకెళ్ళాను. నేర్చుకుని వచ్చాను.

మొదట కదిలే మెట్లు. నాన్న ఆగిపోయాడు. వెనక నలుగురు ఆగారు. నేను ఆయన్ను పక్కకు తీసి, పంచె కుచ్చిళ్ళు పైకి దోపుకోమని, చెయ్యి పట్టుకుని ఎక్కించాను. పంచె, చీర కుచ్చిళ్ళు, ఓణీ కొంగు జాగ్రత్త. మెట్టుకూ అంచుకూ మధ్య ఇరుక్కోవచ్చు. పైకి చేరాక అక్కడే ఆగి ఎటు పోవాలా అని చూడకూడదు. వెనకవాళ్ళను మెట్లు తోసుకొస్తూనే వుంటాయి. రెండడుగులు పక్కకు వేసి అప్పుడు చూడాలి. భయమైన వాళ్ళకు లిఫ్టు వుంది. అందులో సిగ్గేమీ లేదు.

మెట్ల మీద ఒక పక్క నిలబడి, రెండో పక్క తొందరవాళ్ళకు వదలాలని కొన్ని దేశాల్లో ఆచారం. 2015లో లండనులో హోల్‌బోర్న్ స్టేషనులో రెండు పక్కలా నిలబెట్టి చూస్తే, రద్దీ వేళ ఎక్కువమంది పైకి చేరారట. ఎందుకంటే పొడుగాటి మెట్లు నడిచి ఎక్కేవాళ్ళు తక్కువ, ఆ పక్క సగం ఖాళీగా పోతుంది. మర్యాద అనుకున్నదల్లా లెక్కకు నిలవాలని లేదు. అయితే మీరున్న వూళ్ళో ఏ పద్ధతి రాసివుంటే అదే పాటించండి. ఒక్కడే వేరుగా చేస్తే ఆ లెక్కా చెడుతుంది.

ప్లాటుఫారం అంచున పసుపు గీత వుంది. దాని మీద బుడిపెలు చూపులేని వారి కాళ్ళకు దారి చెప్పేవి. సంచి దాని మీద పెట్టకూడదు. నాన్న దూరంగానే నిలబడ్డాడు.

బండి వచ్చింది. తలుపు తెరుచుకోగానే మా ముందున్న కుర్రాళ్ళు లోపలికి దూకబోయారు, లోపలివాళ్ళు బయటికి రాబోయారు, మధ్యలో ఇరుక్కున్నారు. నాన్న మాత్రం తలుపుకు ఒక పక్కగా ఒదిగి నిలబడ్డాడు. నేను చెప్పలేదు. దిగేవాళ్ళంతా దిగాక నిదానంగా ఎక్కాడు. "ఎట్టా తెలిసింది నాన్నా?" అని అడిగాను.

"తెలిసేదేముందిరా? మడిలో పాతనీళ్ళు పోతేనేగా కొత్తనీళ్ళు పట్టేది" అన్నాడు.

నేను రాత్రంతా తయారుచేసుకున్న పాఠం ఆ ఒక్క మాటతో అయిపోయింది. అయినా సైన్సు విద్యార్థిని గనుక లెక్క చెబుతాను. స్టేషనులో బండి ఆగేది సాధారణంగా అరనిముషం లోపే. ఎదురెదురుగా తోసుకుంటే పది సెకన్లు దండగ. పది సెకన్లే కదా అనుకోవద్దు. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాకా ప్రతిచోటా అలా జరిగితే 260 సెకన్లు, అంటే నాలుగు నిముషాల పైన. రద్దీ వేళల్లో వెనక బండి కొద్ది నిముషాల దూరంలోనే వుంటుంది. ముందుది ఆగితే దాన్నీ ఆపాలి. ముందుది ఆలస్యమయ్యేకొద్దీ తరువాతి స్టేషన్లలో జనం ఇంకా పోగవుతారు, వాళ్ళు ఎక్కడానికి ఇంకా సమయం పడుతుంది. ఆలస్యం ఆలస్యాన్ని కంటుంది. తలుపు మధ్య చెయ్యో సంచో పెట్టి ఆపేవాడు తనకు మిగుల్చుకునేది మూడు నిముషాలు, వెయ్యిమంది దగ్గర తలా కాస్త దొంగిలించి మిగుల్చుకుంటున్నాడు.

మా పొలం సాగర్ కుడికాలువ కింద, చివరి తూము దగ్గర. పైన ఒకడు తన వంతు దాటి గంటసేపు గేటు ఎత్తి పెట్టుకుంటే ఏం జరుగుతుందో మాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మా చేను చెబుతుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో కిక్కిరిసింది. ఒక కుర్రాడు వీపున పెద్ద సంచితో, చెవిలో తీగతో, సరిగ్గా తలుపు దగ్గర స్తంభంలా నిలబడిపోయాడు. లోపల నడిమి భాగం ఖాళీగానే వుంది. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు అతని సంచికి తగిలి తిరుగుతున్నారు. నాన్న అతని భుజం మీద మెల్లగా తట్టి, "అయ్యా, తూముకాడ అడ్డం పడితే కింద చేలకి నీళ్ళెట్టా పోతయ్యి? కాస్త లోపలికి జరుగు నాయనా" అన్నాడు. ఆ కుర్రాడికి తూమంటే ఏమర్థమైందో గాని, నవ్వి లోపలికి జరిగాడు. సంచి కూడా వీపు మీది నుంచి తీసి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. వీపు మీది సంచి ఒక మనిషి చోటు తింటుంది. పైగా వెనక ఎవరికి తగులుతున్నదీ మోసేవాడికి కనపడదు. అంతలో నాన్న మునక్కాయలు ఒకాయన చొక్కాకు గుచ్చుకున్నాయి. తప్పు మన వైపూ వుంది. సంచి నిలువుగా కాళ్ళ మధ్య పెట్టించాను.

నిలబడే పద్ధతి కూడా వుంది. బండి కదిలినప్పుడు కాళ్ళు బండితో పోతాయి, పైశరీరం వున్నచోటే వుండబోతుంది. ఇదే జడత్వం, మనం తొమ్మిదో తరగతిలో చదివిన న్యూటను సూత్రం. కాళ్ళు కాస్త ఎడంగా, బండి పోయే వైపుకు ఒకటి ముందు ఒకటి వెనక వేసి, కమ్మీ పట్టుకోండి. కమ్మీకి ఆనుకుని నిలబడితే ఐదుగురు పట్టుకునేది ఒక్కరికే చెల్లుతుంది.

మలక్‌పేట దాటేసరికి నాన్నకు కాళ్ళు లాగి నేల మీద చతికిలబడబోయాడు. మన బస్సుల్లో, రైళ్ళలో అది మామూలే. ఇక్కడ కూడదు. కూర్చున్న మనిషి ముగ్గురు నిలబడే చోటు పట్టడమే గాక, తోపులాటలో తొక్కుడు పడవచ్చు. నేను వద్దనేలోపే ఒకమ్మాయి లేచి "కూర్చోండి తాతగారూ" అంది. వృద్ధులకు, గర్భిణులకు, వికలాంగులకు కేటాయించిన సీట్లున్నాయి. అడిగించుకోకుండా లేవడం మర్యాద. అయితే లక్డీకాపూల్ దగ్గర నిండు గర్భిణి ఒకామె ఎక్కితే, నాన్న సంచి నాకిచ్చి లేచి నిలబడ్డాడు. ఆయనను తాతగారూ అన్నందుకు మాత్రం మియాపూర్ దాకా గొణుగుతూనే వున్నాడు. ఆయనకు యాభై రెండే.

ఇంకొన్ని చిన్నవి. స్త్రీలకని కేటాయించిన భాగంలోకి మగవాళ్ళు పోరాదు. పరుగున వచ్చి తెలియక ఎక్కినా వెంటనే ఇవతలికి రావాలి. బండిలో తినడం, తాగడం, ఉమ్మడం కుదరదు. ఇవన్నీ ఒట్టి మర్యాదలే అనుకోకండి. మెట్రో రైళ్ళకు 2002 నాటి చట్టమే వుంది, జరిమానా పడుతుంది. ఫోనులో పాట పెట్టుకుంటే మన చెవికే వినపడాలి. మూసి వున్న పెట్టెలో శబ్దం పోవడానికి దారి లేదు, వెనక్కి కొట్టి అందరి చెవుల్లోనూ పడుతుంది. "ఆ(, మలక్‌పేట దాటినం" అని అరిచి చెప్పే మన పొలం గొంతు కూడా అక్కడ కాస్త తగ్గించుకోవాలి. టిక్కెట్టు గాని కార్డు గాని గేటు దగ్గరికి వచ్చాక జేబులు తడుముకోకుండా ముందే చేతిలో పెట్టుకోవాలి. దిగే స్టేషను ముందరి స్టేషనులోనే తలుపు వైపు జరగడం మొదలుపెట్టాలి. ముందున్నవాళ్ళను "దిగుతారా?" అని అడిగితే చాలు, దారి అదే వస్తుంది.

ఒక్క మాట నగరం మిత్రులకు కూడా చెప్పాలి. నాన్న పక్కన కూర్చున్న ఒకాయన గోనెసంచి వాసనకు ముక్కు మూసుకుని లేచిపోయాడు. నాన్న చూశాడు. ఏమీ అనలేదు. సంచి మరికాస్త దగ్గరికి లాక్కున్నాడు, అంతే. ఎక్కడ నిలబడాలో తెలియనివాడికి చెప్పవచ్చు. అలా ముక్కు మూసుకుంటే అతనికి తెలిసేదేమిటి? మొదటిసారి ఎక్కినవాడు ఆగుతాడు, తడబడతాడు, గేటు దగ్గర కార్డు తలకిందులుగా పెడతాడు. వెనక నిలబడ్డవాడు ఐదు సెకన్లు ఓర్చుకుని "ఇలా పెట్టండి" అంటే రెండోసారి ఆ ఐదు సెకన్లు కూడా పట్టవు. రద్దీకి అదీ లాభమే.

చివరగా

తిరుగు ప్రయాణంలో బస్సు కృష్ణ వంతెన దాటుతుండగా నాన్నను అడిగాను, "మెట్రో ఎట్టా వుంది?" అని. కాసేపు ఆలోచించి, "బండి బాగుంది. అందరూ వంతు ప్రకారం నడిస్తే ఇంకా బాగుంటది. మన కాలవలాగానే" అన్నాడు. తరువాత, "నువ్వు ఆ రోజు ఆటో ఎక్కాల్సిందిరా" అన్నాడు. అప్పటిదాకా ఆ పరీక్ష గురించి ఆయన ఒక్క మాట అనలేదు. పోయిందేదో పోయిందిలే అని వూరుకున్నాడనుకున్నాను. ఎప్పటినుంచి మనసులో పెట్టుకున్నాడో!

మర్యాదలంటే పట్నపు నాజూకు అనుకునేవాణ్ణి. కాదు. చోటు తక్కువ, సమయం తక్కువ, మనుషులు ఎక్కువ అయినచోట అందరికీ అందేట్టు చేసుకున్న ఏర్పాటే మర్యాద. అది మనకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతే. మన దగ్గర దాని పేరు వంతు. కాబట్టి మెట్రోలో అడుగుపెట్టడానికి మనం ఎవరికీ తీసిపోము. మనకు తెలియనిది తోవ ఒక్కటే. అది కాగితం, పెన్సిలు, పది నిముషాల లెక్కతో తెలుస్తుంది.

ఈ ఏడు ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకు మళ్ళీ హైదరాబాదు పోవాలి. కేంద్రం ఎక్కడ పడుతుందో తెలియదు. ఎక్కడ పడినా రెండు పటాలూ పక్కన పెట్టుకుని, మూడు తోవలూ లెక్క వేసి, ముందురోజే బయలుదేరుతాను. ఉప్పల్‌లోనే పడితే మాత్రం ఎల్బీనగర్‌లో దిగగానే ఆ ఆటోవాడి కోసం వెతుకుతాను. "తమ్మీ, రా" అని పిలిస్తే ఈసారి తప్పకుండా ఎక్కుతాను.